ఒక్క ఆవు గోధూళి

మా మనవరాలికి ఫ్లూ వచ్చింది. డాక్టరుగారు వచ్చి గుండె చూసి, నాలుక కింద గాజుపుల్ల పెట్టి చూసి, మాత్రలిచ్చి, భయం లేదని చెప్పి వెళ్ళారు. భయం ఎవరికీ లేదు కూడా. దాని ఏడుపల్లా బార్లీ నీళ్ళ గురించే. పదమూడేళ్ళ పిల్ల. జ్వరం దిగిన దగ్గర్నుంచీ మంచం మీద కూచుని వంటింటి వాసనలు పీలుస్తూ ఉసూరుమంటోంది. "ఒక్క పెసరట్టు తింటే ఏమవుతుంది అమ్మమ్మా? నీకెప్పుడైనా ఇలాంటి జ్వరం వచ్చుంటే తెలిసేది" అని నామీద విరుచుకుపడింది.

నాకు రాకపోవడమేమిటి! సరిగ్గా దాని వయసులోనే వచ్చింది. అప్పుడు ఆ జ్వరానికి ఈ పేరు లేదు. పెద్దవాళ్ళు రొంప జ్వరం అనేవారు, మరీ భయపడినవాళ్ళు కొత్త జ్వరం అనేవారు. ఆ కథ మొదలుపెట్టాను గానీ సగంలోనే పిల్ల నిద్రపోయింది. మిగతా సగం నా నోట్లోనే ఉండిపోయింది. నోట్లో మాట దాచుకునే అలవాటు నాకు చిన్నప్పటినుంచీ లేదు కనక ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు కాలవ గట్టున ఉండేది. నరసాపురం వెళ్ళే పడవలు మా పెరటి వెనకనుంచే పోయేవి. మా ఊళ్ళోకి ఏది రావాలన్నా పడవలోనే రావాలి. ఉప్పు, కిరసనాయిలు, పెళ్ళివారు, ఎవరింట్లో ఎవరు పోయారన్న కబుర్లు, అన్నీ అలాగే వచ్చేవి. ఆ జ్వరం కూడా అలాగే పడవ దిగి వచ్చిందని ఊళ్ళో అందరి నమ్మకం. చెరుకు పడవ ఆగిందంటే గట్టుమీదికి మొదట పరిగెత్తేదాన్ని నేనే. పడవవాళ్ళు తుమ్ముతూ దగ్గుతూనే ఒక గడ విరిచి ఇచ్చేవాళ్ళు. అందుకని మా ఇంట్లో ఆ జ్వరం మొదట నాకే వచ్చింది. అప్పటికే నాకు పెళ్ళయింది, కాపురానికి ఇంకా పంపలేదు. జ్వరంలో కూడా నా దిగులు ఒక్కటే, ఈ వార్త అత్తవారికి తెలిస్తే చెరుకు సంగతి కూడా తెలుస్తుందేమోనని.

ఇంట్లో నలుగురం. నాన్నగారు ఊళ్ళో పిల్లలకి చదువు చెప్పేవారు. అమ్మ, నేను, మామ్మ. మామ్మ అంటే నాన్నగారి తల్లి. చిన్నప్పుడే భర్త పోయి, ఒంటి చేత్తో నాన్నగారిని పెంచిన మనిషి. సన్నగా, పొట్టిగా ఉండేది. గొంతు మాత్రం కాలవ అవతలికి వినపడేది. మా వీధిలో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా మామ్మని అడక్కుండా కషాయం పెట్టేవారు కారు. వైద్యంలో ఆవిడ మాటకి తిరుగులేదు. మడి విషయంలోనూ అంతే. తెల్లవారుతూనే నూతి దగ్గర స్నానం చేసి, తడిబట్టతోనే వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగిస్తే, ఆవిడ భోజనం అయ్యేదాకా మేమెవరం ఆ గడప తొక్కకూడదు. గాలికి నా పమిట కొస అటు ఎగిరినా "ఒసేయ్, అక్కడే ఉండు!" అని కేక వచ్చేది.

నా జ్వరాన్ని మామ్మ తన చేతుల్లోకి తీసుకుంది. నుదుటికి శొంఠి గంధం పట్టు. అది ఆరుతుంటే చర్మం లాగుతూ చురచురలాడేది. పొద్దున్నా సాయంత్రం కషాయం. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, తులసాకు వేసి, ముంతెడు నీళ్ళు గరిటెడు అయ్యేదాకా మరిగించేది. ఆ ఘాటు నా ముక్కులో ఇప్పటికీ ఉంది. మధ్యాహ్నం వావిలాకు వేసి మరిగించిన నీళ్ళ బాన నా ముందు పెట్టి, మీద కంబళి కప్పి, "పీల్చవే, బాగా పీల్చు" అని తను కంబళి బయట కూచునేది. లోపల నేను ఉక్కిరిబిక్కిరై ఏడుస్తుంటే, బయట ఏవో పాత కథలు చెప్పేది. ఆ కథల కోసమే ఇంకాసేపు ఆవిరి పట్టేదాన్ని.

తిండి మాత్రం లేదు. లంఖణం. జ్వరం దిగినా ఆవిడ నాడి చూసి సరేననేదాకా లంఖణమే. ఆ రోజుల్లోనే అమ్మ, పక్కింటి అత్తయ్యగారు కలిసి పెరట్లో అప్పడాల పిండి దంచుతున్నారు. ఇంగువా జీలకర్రా కలిసిన ఆ వాసన కిటికీలోంచి వచ్చి నన్ను లేపి కూచోబెట్టింది. వాళ్ళు నీళ్ళకి లేచినప్పుడు గోడ పట్టుకుంటూ వెళ్ళి ఉండ ఒకటి నోట్లో వేసుకుని వచ్చి పడుకున్నాను. మామ్మ వచ్చి నా పక్కన కూచుంది.

"ఏదీ, నోరు తెరు" అంది.

తెరవలేదు. తెరవకపోయినా ఒకటే అయింది. ఇంగువ వాసన గదంతా నిండిపోయింది. ఆ ఉండకి శిక్షగా ఇంకో రోజు లంఖణం పడింది.

చివరికి పథ్యం పెట్టిన రోజు నా జన్మలో పెద్ద పండగ. మంగళవారం పనికిరాదని ఒక రోజు ఆపి మరీ పెట్టింది. బియ్యం దోరగా వేయించి వండిన మెత్తటి అన్నం, మొదటి ముద్దలో శొంఠిపొడి, నెయ్యి, తరువాత పొట్లకాయ కూర, మిరియాల చారు. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే తిన్నాను. కారం వల్ల కాదు. ఆ అన్నం అంత బాగుంది.

తిన్నాక మామ్మ ఒక మాట గట్టిగా చెప్పింది. "ఒంటికి నీరు తగలకూడదు. నేను చెప్పేదాకా స్నానం మాట ఎత్తావంటే చూడు." ఆ జ్వరం తిరగబెడితే మొదటిసారికంటే చెడ్డదని అందరూ అనుకుంటున్నారు. నేను సంతోషంగా ఒప్పుకున్నాను. స్నానం తప్పితే ఏ పిల్లకి బాధ?

అక్కడినుంచే అసలు కథ. నేను లేచేసరికి అమ్మ పడింది. ఆ వెంటనే నాన్నగారు. చివరికి, ఎప్పుడూ ఒక్క తుమ్మైనా తుమ్మని మామ్మ పడింది. మా ఇల్లే కాదు, వీధి వీధంతా అంతే. మధ్యాహ్నమైనా ఏ ఇంటి కప్పులోంచీ పొగ రాదు. ఒక అరుగుమీంచి దగ్గు మొదలైతే వీధి చివరిదాకా అందుకునేవారు. పాలేళ్ళూ పడుకున్నారు గనక పశువులని మేతకి తోలేవాళ్ళు లేరు. అవి దొడ్లల్లో గడ్డి నములుతూ అరిచేవి.

ఇంట్లో కాళ్ళమీద నిలబడగలిగినది నేనొక్కదాన్నే. అమ్మ తాళాలగుత్తి నా బొడ్లో దోపుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు మహా గొప్పగా అనిపించింది. వెనక వసారాలో కుంపటి పెట్టుకుని, మామ్మ చాపమీంచి చెపుతుంటే కషాయాలు కాచేదాన్ని. శొంఠి అరగదీసి ముగ్గురి నుదుళ్ళకీ పట్టు వేసేదాన్ని. నాన్నగారి ఆవిరి కంబళి బయట కూచుని మామ్మలాగే కథ కూడా చెప్పబోయాను. "తల్లీ, కథ వద్దు, కంబళి తియ్యి చాలు" అన్నారాయన. జ్వరం దిగాక ఆయనకీ అమ్మకీ నేను కుంపటిమీద జావ కాచి ఇచ్చాను. అడుగంటింది. నాన్నగారు కషాయం తాగిన మొహం పెట్టి, "అమృతంలా ఉందమ్మా" అన్నారు.

అయితే మామ్మకి జ్వరం దిగిన రోజున చిక్కు వచ్చిపడింది. ఆవిడకి పథ్యం పెట్టాలి. ఎవరు వండాలి? స్నానం చేసి మడి కట్టుకున్నవాళ్ళు వండాలి. అమ్మ లేచి కూచుంటేనే కళ్ళు తిరుగుతున్నాయి. ఇరుగుపొరుగు అందరూ కంబళ్ళలో ఉన్నారు. మిగిలినది నేను. నేను జ్వరం మైలలో ఉన్నాను, నాకు స్నానం కూడదు. కషాయమైతే మందు కనక నా చేత్తో తాగింది. అన్నం మాత్రం కుదరదు.

"పాలు తాగండి అత్తయ్యగారూ" అంది అమ్మ.

"దగ్గుకి పచ్చిపాలు పనికిరావు. మడి లేకుండా కాచిన పాలు నాకు పనికిరావు."

"పోనీ, అరటిపండు?"

"రొంపలో అరటిపండు తినమని చెప్పే మొహమేనా ఇది?" అంది మామ్మ తన మొహం తనే చూపించుకుంటూ.

మడికి కుదిరింది వైద్యానికి కుదరదు, వైద్యానికి కుదిరింది మడికి కుదరదు. రెంటికీ అధికారి ఆవిడే. ఎవరితో చెప్పుకుంటాం?

నేను ఒక తెలివి ప్రయోగించాను. "మామ్మా, కషాయం మందు కదా. జావ కూడా మందే అనుకో."

"అందులో మెతుకు కనపడదూ?"

"కనపడకుండా వడగట్టేస్తాను."

"వెధవ తెలివి!" అని నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. ఆగాక ఆవిడ గొంతు పక్కనున్న నాకే వినపడలేదు. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. ఎదురుగోడకి తిరిగి పడుకున్న ఆ వీపు చూస్తే, నేను ఎత్తుకోగలిగినంత మనిషి అయిపోయింది.

నాన్నగారు బతిమాలారు. పట్నంనుంచి డాక్టర్ని తీసుకురావడానికి పడవ లేదు, పడవవాళ్ళే మంచాలెక్కారు. "అమ్మా, ఆపదలో అన్నీ చెల్లుతాయి" అన్నారాయన. "నీకు చెల్లుతాయి నాయనా, తిను. నేనెప్పుడైనా వద్దన్నానా?" అంది. కోపంగా కూడా అనలేదు. ఆవిడ ఎన్నో ఏళ్ళుగా పట్టుకుని బతికినది అదొక్కటే. ఇప్పుడు వదిలెయ్యమంటే ఎలా వదుల్తుంది? అది నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఒళ్ళు మండింది.

మర్నాడు పొద్దున్న ఎవరికీ చెప్పకుండా నూతి దగ్గరికి వెళ్ళాను. స్నానం చేసేస్తే ఏమవుతుంది, మహా అయితే జ్వరం తిరగబెడుతుంది, అనుకున్నాను. చేద నూతిలోకి వదిలి పైకి లాగబోయాను. గిలక కీచుమంది.

"ఎవరే నూతి దగ్గర?"

మామ్మ గొంతు. తిరిగి చూస్తే గడపలో నిలబడి ఉంది. చాపమీంచి లేవలేని మనిషి అక్కడిదాకా ఎలా వచ్చిందో నాకు తెలియదు. రెండు చేతులా ద్వారబంధం పట్టుకుని వణికిపోతోంది.

"చేద వదిలెయ్యి. నీళ్ళు పోసుకున్నావా, నా మీద ఒట్టే!"

చేద వదిలేశాను. ఆవిడని నడిపించి పడుకోబెట్టాక, అమ్మ నన్ను దగ్గరికి పిలిచి మెల్లిగా చెప్పింది. నాకు ఒక మేనత్త ఉండేదట. నాన్నగారి చెల్లెలు. నా అంత వయసులో ఆమెకి జ్వరం వచ్చి తగ్గితే, తాతగారి తద్దినానికి మడి వంటకి మనిషి చాలక మామ్మే స్నానం చెయ్యమందట. అది తిరగబెట్టింది. ఆ పిల్ల మళ్ళీ లేవలేదు. ఇంట్లో ఎవరూ ఆమె మాట ఎత్తకపోవడం ఎందుకో ఆ రోజు తెలిసింది.

ఇంక నాకు తోచినదల్లా సిద్ధాంతిగారు. వీధిలో మాకు ఎదురిల్లు. ముహూర్తాలూ శాస్త్రాలూ ఆయన్నే అడిగేవాళ్ళం. ఆయనా కంబళిలోనే ఉన్నారు. తలకి ఉన్నిగుడ్డ చుట్టుకుని అరుగుమీద ఎండలో కూచున్నారు.

"తాతగారూ, నీళ్ళు తగలకుండా స్నానం చెయ్యడం ఎలాగండి?"

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. విషయం చెప్పాను. ఆయన కళ్ళు వెలిగాయి. చాలా రోజులకి ఒకరు ఆయన్ని శాస్త్రం అడిగారు పాపం.

"స్నానం అంటే నీళ్ళేనా అమ్మాయ్? శాస్త్రంలో చాలా ఉన్నాయి. విభూతి పూసుకుంటే ఒక స్నానం..."

"అది మామ్మ ముందే కాదందండి. విభూతి తినే తనకి సరిపోతుందిట, వండేవాళ్ళకి చాలదుట."

"అన్నా అంటుంది. అయితే విను." దగ్గి, ఊపిరి తీసుకుని చెప్పారు. "సాయంకాలం ఆవులు మేతనుంచి ఇంటికి వస్తాయా? వాటి డెక్కల ధూళి ఒంటిమీద పడితే అది స్నానమే. నీళ్ళ స్నానంకంటే ఒక మెట్టు ఎక్కువ. మీ మామ్మకి తెలియని సంగతి కాదు. ఆ తరువాత ధావళి కట్టుకుని వండెయ్యి." ధావళి అంటే మడికి కట్టుకునే ఉన్నిబట్ట. అది మా ఇంట్లో ఉంది.

పరుగున వచ్చి మామ్మకి చెప్పాను. కళ్ళు మూసుకునే విన్నది.

"సిద్ధాంతి సరిగ్గానే చెప్పాడు. శాస్త్రంలో ఉన్నదే" అంది. నేను ఎగిరి గంతేశాను. "కానీ ఆవులేవే?" అంది.

నిజమే. పాలేళ్ళు పడుకున్నాక మేతకి వెళ్ళిన ఆవు లేదు, తిరిగి వచ్చే ఆవు లేదు. ఊరంతటికీ గోధూళి లేకుండా పోయింది. నా చేత్తో విప్పి తోలగలిగేది మా దొడ్లో ఆవు. ఒక్కటే.

సాయంత్రం దాన్ని వీధిలోకి తోలుకొచ్చాను. నేను ఎటు లాగితే అటు కాక, తనకి తోచినట్టు నడిచింది. నడక కూడా పెళ్ళికూతురి నడక. ఒక్క రేణువు లేస్తే ఒట్టు. అరుగులమీద కంబళ్ళు ఒక్కొక్కటే కదిలాయి. "తోక మెలెయ్యవే అమ్మాయ్!" అని ఒకరు. "గడ్డి చూపించి వెనక్కి నడువు!" అని ఇంకొకరు. తోక మెలేస్తే ఆవు నావైపు తిరిగి చూసింది. నేను అరుగెక్కాను. వీధంతా ఒకసారి నవ్వు, ఆ వెంటనే వీధంతా దగ్గు. నేను ఆ అరుగుమీదే కూలబడ్డాను. పథ్యం తిని ఎన్నాళ్ళో కాలేదు మరి.

అప్పుడు నాన్నగారు కంబళి కప్పుకుని బయటికొచ్చారు. "ఆవు నీ మాట వినదు. దూడ మాట వింటుంది" అన్నారు. దూడని విప్పి, తనే తూలుతూ వీధి ఆ చివరికి తీసుకెళ్ళి పట్టుకున్నారు. పాలు పిండే వేళ, పొదుగు నిండి ఉంది. దూడ అక్కణ్ణుంచి అంబా అంది. అంతే, మా ఆవు తాడు ఈడ్చుకుంటూ పరిగెత్తింది. నేను దాని దారిలో వీధి మధ్య చేతులు చాపి కళ్ళు మూసుకుని నిలబడ్డాను.

ధూళి లేచింది. బాగానే లేచింది. కానీ నేను అడ్డంగా నిలబడితే నన్ను తప్పించుకుని ఎదురిళ్ళ వైపునుంచి పోయింది. కళ్ళు తెరిచేసరికి సిద్ధాంతిగారి ఉన్నిగుడ్డ, మీసాలు, కంబళి అన్నీ ఎర్రగా ఉన్నాయి. "నాకైంది గానీ దానికి కాలేదర్రా స్నానం!" అని ఆయన అరుస్తున్నారు. నేను ఆ ధూళి అందుకుందామని అటు పరిగెత్తి, కళ్ళు తిరిగి మోకాళ్ళమీద పడ్డాను. లేచి, "ఇంకోసారి తోలండి నాన్నగారూ!" అన్నాను. ఏడుపొచ్చేస్తోంది.

"చాల్లే, ఇలా రా!"

మా ముందుగది కిటికీలోంచి మామ్మ. చువ్వలు పట్టుకుని చూస్తోంది. ఎంతసేపట్నుంచి చూస్తోందో. లోపలికి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"దగ్గరికి రా."

"మైల కదా మామ్మా."

"రమ్మన్నానా?"

వెళ్ళి చాప పక్కన కూచున్నాను. నా తల వంచి, జుట్టు రెండు పాయలుగా విడదీసి, పాపిట్లో వేలితో రాసి చూసింది. ఆ వేలు వెలుతురులోకి ఎత్తి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

"పడింది" అంది. "బోలెడు పడింది. ఇంక వీధిలోకి వెళ్ళకు. ధావళి కట్టుకుని పొయ్యి వెలిగించు."

ధావళి నాకు రెండు చుట్లు తిరిగింది. మొదటిసారి మడిగా ఆ వంటింటి గడప దాటాను. బియ్యం వేయించాను, చారు పెట్టాను. గదిలోంచి మామ్మ ఒక్కొక్కటే చెపుతోంది, గొంతు అందనప్పుడు అమ్మ అందిస్తోంది. మామ్మ విభూతి పూసుకుని లేచి కూచుంటే, ఆకు వేసి వడ్డించాను. మామ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగేదాకా మేం ముగ్గురం ఊపిరి తియ్యలేదు.

"చారులో ఉప్పేదే?" అని కేక వేసింది. కాలవ అవతలికి కాదుగానీ, సిద్ధాంతిగారి అరుగుదాకా మాత్రం వినపడి ఉంటుంది. నాన్నగారు నవ్వి అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. నేను ఉప్పు తేవడానికి పరిగెత్తాను.

మర్నాడు అమ్మ కాస్త ఓపిక తెచ్చుకుని నా తల దువ్వడానికి కూచుంది. జ్వరంలో జుట్టంతా జడలు కట్టింది. పాయ పాయగా విడదీసి దువ్వి, ఒళ్ళో పరిచిన తెల్లగుడ్డ చూసి, "ధూళి ఏదే? ఒక్క నలుసైనా లేదు" అంది.

"నీకు కనపడదు" అంది మామ్మ చాపమీంచి. "నేను చూశాను. నువ్వు జడ వెయ్యి."

తరువాత వీధిలో ఆడవాళ్ళు ఆ ఒక్క ఆవు స్నానం గురించి ఎన్నిసార్లు నవ్వులాటలాడినా, ఆవిడ ఊరుకునేది కాదు. "నా కళ్ళతో చూశాను, వేలికి అంటింది" అని ఎంతటివాళ్ళతోనైనా తగువేసుకునేది. మసక వెలుతుర్లో బియ్యంలో మట్టిబెడ్డని వేలితోనే పట్టి తీసి పారేసే మనిషి. ఆవిడ వేలికి ఏమీ అంటలేదని ఆవిడకి తెలుసు. నాకూ తెలుసు. ఆ సంగతి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఆవిడ జన్మంతా మడిగానే తిన్నది. నన్నడిగితే, ఆ అన్నాలన్నిటిలోకీ మడి అన్నం ఆ రోజుదే.